గోంగూర మడికి లైన్ క్లియర్

మా పక్క క్వార్టర్ అప్పలకొండ మావయ్య ముప్పై నాలుగేళ్ళు రైల్వే గేటు కాశాడు. స్టేషన్ మాస్టరు ఫోన్ చేసి ఒక నంబరు చెబుతాడు. అది పుస్తకంలో రాసుకుని గేటు వేయాలి. ఆర్డరు లేకుండా కలెక్టరొచ్చి బతిమాలినా తీయకూడదు. రిటైరయ్యాక గేటు పోయింది గానీ ఈ రోగం పోలేదు.

ఇప్పుడు ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలో, కొడుకు క్వార్టర్ వెనక పదిహేను సెంట్లలో కూరలు పండించి ఖరిదా బజారులో అమ్ముతాడు. అక్కడ విత్తనాల కొట్టు సుబ్బరాయుడు ఊరుకోక ఆయన ఫోనులో వ్యవసాయం యాప్ ఎక్కించాడు. ఇంకేముంది, కోతికి కొబ్బరిచిప్ప దొరికింది.

దుర్గాపూజలు వెళ్ళిన వారం ‘తుపాను వస్తోంది, నీళ్ళు ఆపండి’ అని యాప్ పలికింది. మావయ్య పుస్తకం తీసి, తేదీ, టైము రాసి, సంతకం పెట్టి, మోటారు గదికి తాళం వేశాడు. తుపాను ఒడిశా వైపు తిరిగిపోయింది. యాప్ మళ్ళీ నోరు విప్పలేదు. ఎండ మాత్రం మాడ్చేసింది.

వాడిపోతున్నది విత్తనానికి వదిలిన ఎర్ర గోంగూర మడి. ఆ విత్తనం జోగమ్మత్త పెళ్ళయి వస్తూ బొబ్బిలి నుంచి కొంగున కట్టి తెచ్చుకున్నది. ఏటేటా ఈ మడిలోంచే తీసి దాస్తుంది. పుట్టింట్లో కూడా ఇప్పుడది లేదు. ఈ మడి పోతే ఇక ఆ గోంగూర లేనట్టే.

“నీల్లెట్టయ్యా, సచ్చిపోతన్నాయి” అంది అత్త మొదటిరోజు.

“ఆర్డరు రానేదే” అన్నాడు.

రెండోరోజు తిట్టింది, మూడోరోజు ఏడ్చింది. నాలుగోరోజు నేను సుబ్బరాయుణ్ణి లాక్కొచ్చాను.

“అది ఆపమనే సెప్తాదన్నా, నీల్లెట్టమని సెప్పదు. అది మనమే సూసుకోవాల” అన్నాడతను తాపీగా.

“ఆపినోడే తియ్యాల. రూలు!” అన్నాడు మావయ్య.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తాళాన్ని రాయితో బద్దలు కొడదామా అనుకున్నాను. అత్తే వద్దంది.

ఐదోరోజు పొద్దున్నే మావయ్య ఫోను మోగింది. “నెంబరు రాసుకో. నలభై రెండు. మోటారెయ్యి” అంది ఓ ఆడగొంతు.

మావయ్య నిటారుగా నిలబడ్డాడు. “నలభై రెండు” అని తిరిగి అప్పజెప్పి, రాసుకుని, పరుగున వెళ్ళి తాళం తీశాడు. వంటింట్లో జోగమ్మత్త నా ఫోను నా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంది.

అప్పటికే మడిలో సగం ఎండిపోయింది. మిగతా సగం సాయంత్రానికి తల ఎత్తింది. గుప్పెడు విత్తనమైనా దక్కుతుంది, బతికిపోయాం!

మావయ్య గట్టు మీద కూర్చుని మీసం దువ్వుకున్నాడు.

“గొంతు నీదేనని నాకు తెల్సులే. అయినా ఆర్డరంటే ఆర్డరే. ఆ ఫోనేదో మొదటిరోజే సేసుంటే మడంతా బతికేది కదే” అన్నాడు.

“మొదటిరోజు నీ ఎదర నిలబడి నోటితోనే సెప్పినాను కదయ్యా” అంది అత్త.