నాన్న రంగేసిన ఆకుపచ్చ తలుపు

మా ఆవిడ పాత ఇళ్ల రంగుల్లో సీసమనే విషలోహం ఉందేమో పరీక్షించి, ఉంటే ఆ రంగుని జాగ్రత్తగా తీసేసే పని చేస్తుంది. ఎవరింటికి భోజనానికెళ్లినా విస్తట్లోకి కాదు, ముందు కిటికీ అంచుల్లోకి చూస్తుంది. అందుకే మమ్మల్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

ఊరందరి గోడలూ పరీక్షించినావిడకి మా వంటగది తలుపు మాత్రం అందలేదు. దాని ఆకుపచ్చ రంగు మా నాన్న బతికుండగా సొంత చేత్తో వేసింది. అమ్మ దానికి కాపలా.

"మీ మామగారి రంగుకే వంక పెడతావా?" అని కయ్యిమనేది. ఇద్దరి మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కని.

మొన్న మా పాప పాక్కుంటూ వెళ్లి, ఆ తలుపు నుంచి రాలిన రంగు పెచ్చు నోట్లో పెట్టుకోబోయింది. అమ్మే ఒక్క గెంతులో లాగేసి, "ఇక చూడవే తల్లీ" అంది కోడలితో.

మా ఆవిడ చిన్న గాటు పెట్టి పరీక్ష పుల్ల రుద్దింది. పుల్ల ఎర్రబడింది. ఇంట్లో యుద్ధమేనని నేను గుమ్మం వైపు జరిగాను.

"సీసమే అత్తయ్యా. పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది, అదే విషం. పాపని పక్కింట్లో దింపి, కింద పట్టా పరిచి, మాస్కులు పెట్టుకుని, తడిపి తడిపి మెల్లగా తీయాలి."

అమ్మ తలుపుని ఎగాదిగా చూసింది.

"మీ మామగారూ అంతేనే. గీకితే విషం. నలభై ఏళ్లు చల్లటి మాటలతో తడిపి తడిపే నెట్టుకొచ్చాను. ఆ నీళ్ల సీసా ఇలా తే, నీకంటే నాకే అనుభవం."