కడుపున్న బొంత

1946 జనవరి 19, శనివారం. మదనపల్లె, ఆడపిల్లల బడి వసారా. వచ్చినవారు: పాస్టరుగారి భార్య, కంపౌండరుగారి భార్య, పుంగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక రైతుల ఇంటి ఆమె (మొదటిసారి), నేను. రానివారు: హాస్టలు వంటామె, చలిజ్వరం. పని: బొంత ఒకటి.

ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే. కుట్టుపని నేర్పే టీచరుగా అప్పటికి నాకు రెండో ఏడు. రాత్రి పడుకోబోయే ముందు నాలుగు ముక్కలు రాసుకోవడం అప్పుడే అలవాటైంది, ఇప్పటికీ పోలేదు. ఆనాటి మాటలు మాత్రం కాగితం మీద పెట్టలేదు. రాయకపోయినా అవి నా దగ్గరే ఉన్నాయి.

చలికాలంలో ప్రతి శనివారం మధ్యాహ్నం ఊరికి ఎడంగా ఉన్న మిషను ఆసుపత్రి కోసం మేం బొంతలు కుట్టేవాళ్లం. అది ఊపిరితిత్తుల జబ్బువాళ్ల ఆసుపత్రి. మంచిగాలి తగలాలని వార్డుల కిటికీలు రాత్రింబవళ్లు తెరిచే ఉంచేవారు. కొండ మీది నుంచి దిగే చలి నేరుగా మంచాల మీదికి వచ్చేది. యుద్ధం ముగిసినా గుడ్డ ఇంకా సర్కారు కంట్రోలులోనే ఉంది. కొత్త దుప్పటి దొరకడం గగనం. అందుకని ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు, పంచెలు అడిగి తెచ్చి, సోడా వేసి ఉడికించి, ఎండబెట్టి, పొరలు పొరలుగా పరిచి కుట్టేవాళ్లం.

మా పద్ధతి ఒకటుంది. పరిచిన గుడ్డ నాలుగు మూలలా గుండ్రాళ్లు పెట్టి, మూలకొకరు కూర్చొంటాం. అంచు వెంబడి కుట్టుకొంటూ, చుట్లు చుట్లుగా లోపలికి జరుగుతూ పోతే సాయంత్రానికి నలుగురి సూదులూ నడిమధ్యన కలుసుకొంటాయి. అందుకే నలుగురు తప్పనిసరి. ఆ రోజు వంటామె రాలేదు. నాలుగో మూలకు మనిషి లేదు.

పాస్టరుగారి భార్యను అందరం అమ్మగారూ అనేవాళ్లం. ఆమె ఆసుపత్రికి కబురు పంపితే, అక్కడ రోగుల బంధువులు వండుకొనే కొట్టాల్లోంచి ఈ పుంగనూరు ఆమె వచ్చింది. నలభై దాటిన మనిషి. మోచేతుల దాకా ఎండకు కమిలిన చేతులు. వస్తూనే గుడ్డను వేళ్లతో నలిపి చూసి, ఖాళీ మూలలో కూర్చొంది. కుట్టు ఎంత సన్నమో అంత తిన్నన. ఆమెకు పదిహేడేళ్ల కూతురు వార్డులో ఉందని మాత్రం మాకు తెలుసు.

కంపౌండరుగారి భార్య ఊరు కుప్పం. అరవం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. ఆమె ఉన్నచోట నిశ్శబ్దం ఉండదు. మేం పాత గుడ్డలు తెచ్చినప్పుడల్లా ఎవరి చీర ఏదో పోల్చి కథలు చెబుతుంది. ఆ రోజు పై పొరలో తన భర్త ఖాకీ చొక్కా ముక్క ఉంది.

"దీన్ని కప్పుకొనేవాళ్లు జాగర్త అప్పా! రాత్రంతా గురక పెడతాది."

నవ్వుకొంటూ పని సాగించాం. నడిమధ్యకు ఇంకా జానెడు దూరం ఉందనగా పుంగనూరు ఆమె తన మూల వైపు తిరిగి చూసుకొంది. అక్కడ అరచేయి పట్టేంత మేర కుట్టకుండా వదిలేసి ఉంది.

"అమ్మా, మీరు ఈ బొంతలకు కడుపు యాడ పెడతారు?" అంది.

కంపౌండరుగారి భార్య సూది ఆపింది. "ఏందమ్మా? బొంతకు కడుపు సేస్తావా? అయితే పురుడు ఎవురు పోసేది? మా ఇంటాయన్ని పిలవనా?"

నేను పకపకా నవ్వాను. అమ్మగారు కూడా పెదవి బిగబట్టి తల తిప్పుకొన్నారు. పుంగనూరు ఆమె నవ్వలేదు.

"మా పక్క బొంత కుట్టినప్పుడు మూలన ఇంత సంచిలాగా వదిలి, దాంట్లో పిడికెడు రాగులు పోసి మూస్తాం. దాన్నే కడుపంటాం. కడుపు నిండిన బొంత కప్పుకొన్నోళ్లకు వెచ్చన ఇస్తాది. కడుపు లేనిది ఆకలి బొంత. అది కప్పుకొన్నోళ్లను తింటాది." దారం బిగలాగింది. "నా బిడ్డ మీద ఉండేది మీరు కుట్టిన బొంతే. నిన్న రాత్రి నాలుగు మూలలూ తడిమి సూసినా. యాడా ఏమీ లేదు."



అప్పుడు చెప్పుకొచ్చింది. కూతురు అన్నం మానేసి చాలా రోజులైంది. పాలిస్తే రెండు గుక్కలు, గుడ్డు ఇస్తే వాసనకే మొహం తిప్పుకొంటుంది. సోమవారం డాక్టరు తూకం వేస్తారు. బరువు ఇంకా తగ్గితే వైద్యం తట్టుకోలేదు కాబట్టి ఇంటికి తీసుకుపొమ్మంటారు, ఆ మంచం కోసం ఎంతోమంది కాచుకొని ఉన్నారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారంటే ఆ కాలంలో అర్థం ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఈ బొంత నా బిడ్డకు ఇప్పించండమ్మా. కడుపు పెట్టి ఇప్పించండి."

అమ్మగారు కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకొన్నారు. ఆమె నిక్కచ్చి మనిషి. తాయెత్తులు, దిష్టి తీయడాలు అంటే కిట్టదు. "చూడమ్మా, బిడ్డను బతికించేది దేవుడు. రాగులు కాదు," అన్నారు.

"దేవుడు కాదని నేనెప్పుడంటిని? ఆయప్ప పని ఆయప్ప సేస్తాడు. బొంత పని బొంత సెయ్యాల గదా."

"ఇంకోటి. వార్డులో పడకల దగ్గర తిండి వస్తువు ఉండకూడదని నర్సమ్మ రూలు. చీమలు పడతాయి, ఎలుకలు వస్తాయి."

"అయితే నాకీ బొంత వద్దు." ఆమె సూదిని గుడ్డలో గుచ్చి చేతులు ఒడిలో పెట్టుకొంది. లేచి పోలేదు. కూర్చొనే ఉంది. నాలుగో సూది ఆగిపోతే మా మూడు సూదులు ఎక్కడ కలవాలి? నేను అనవసరంగా దారం తెంపి మళ్లీ ఎక్కించాను.

కంపౌండరుగారి భార్యే ముందు కదిలింది. తను వేసిన జోకుకు లోపల నొచ్చుకొన్నట్టుంది. "అమ్మగారూ, మన పండక్కి కేకులో ద్రాక్ష పెడతాం. ఈమె బొంతలో రాగులు పెడతాది. దేవుడికి రెండూ తిండే గదా?"

"నువ్వు ఊరుకో," అన్నారు అమ్మగారు. కొంతసేపటికి పుంగనూరు ఆమె వైపు తిరిగి, "ఎంత పెట్టాలి?" అని అడిగారు.

"పిడికెడు."

"పిడికెడంటే ఎలుకలకు విందే. చిటికెడు."

"చిటికెడు పిచ్చుక్కి కూడా సాలదమ్మా. సారెడు."

"సారెడా! పిడికెడు నుంచి పైకి పోతావేం?"

"బేరమంటే అట్లే గదమ్మా," అంది ఆమె. అంతసేపట్లో ఆమె మొహం తేటపడడం అదే మొదలు. చివరికి అరపిడికెడు దగ్గర కుదిరింది. "నర్సమ్మకు నేను సమాధానం చెప్పుకొంటాలే," అన్నారు అమ్మగారు.

ఆమె కొంగుముడి విప్పింది. అందులో రాగులు కొద్దిగానే ఉన్నాయి. ఎక్కువ భాగం వేయించి పొట్టు తీసిన శెనక్కాయ విత్తనాలు, ఒక బెల్లం గడ్డ.

"రాగులన్నావు, ఇదేమిటి?" అన్నారు అమ్మగారు.

"బొంత నా బిడ్డది గదమ్మా. దానికీ ఇవే ఇష్టంగా ఉంటాయి."

బెల్లాన్ని పంటితో కొరికి ముక్కలు చేసి, అన్నీ కలిపి అరపిడికెడు ఆ సందులో పోసి, వేలితో లోపలికి తోసి మూతి కుట్టేసింది. పైన ఖాకీ ముక్క పడింది. తర్వాత సూది అందుకొంది. పొద్దు వాలేలోగా నలుగురం నడిమధ్యన కలిశాం. ఆ బొంతను మడిచి తలమీద పెట్టుకొని ఆసుపత్రి దారి పట్టిన ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మర్నాడు ఆదివారం. ఆరాధనకు ముందు అమ్మగారు వార్డుల్లో ప్రార్థన చేయడం రివాజు. పాటపుస్తకాలు పట్టుకొని నేనూ జట్కాలో వెంట వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. ఆడవాళ్ల వార్డు మెట్లెక్కుతుండగానే నర్సమ్మ గొంతు వినబడింది.

"అమ్మగారూ, మీరే వచ్చారా! రండి, మీ బొంత చూడండి."

మంచం పక్కన కొక్కేనికి బొంత వేలాడుతోంది. ఖాకీ మూల నుంచి మంచం కోడు దాకా ఎర్రచీమల బారు. ఆ మూల కుట్లు తెగి, సంచి మూతి తెరుచుకొని ఉంది. లోపల ఏమీ లేదు. నాలుగు రాగులు మాత్రం దారాలకు అంటుకొని ఉన్నాయి.

పుంగనూరు ఆమె గోడకు ఆనుకొని నిలబడింది. "ఎలుక కొట్టేసిందమ్మా. కడుపు కొట్టేసింది," అంది గొణుగుతున్నట్టు.

"నేను ముందే చెప్పలేదా అమ్మగారూ, తిండి పెట్టొద్దని?" అంది నర్సమ్మ. సమాధానం నేను చెప్పుకొంటానన్న మనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"ఎలుక కాదు." మంచం మీది నుంచి సన్నటి గొంతు. అందరం తిరిగి చూశాం. ఆ పిల్ల గడ్డం దాకా పాత బొంత లాక్కొని పడుకొని ఉంది. "నేనే తింటి."

"ఏమి తింటివే?" అంది తల్లి.

"చేతికి గడ్డగా తగిలింది. వాసన సూస్తే బెల్లం. అమ్మ నాకోసం దాసిపెట్టి కుట్టిందేమో అనుకొంటి. పంటితో దారం కొరికి తింటి."

"అయ్యో పాపీ! అది బొంత కడుపే! బొంత సొత్తు తినేస్తివా?"

"బొంతకు పెడతావు, నాకు పెట్టవా?"

"నీకు పెట్టలేదా? పొద్దస్తమానం గిన్నె పట్టుకోని నీ ఎదురుగానే కూసోని ఉండాను గదే!"

"అదేమా," అంది పిల్ల. దగ్గు వచ్చి కాసేపు ఆగింది. "నువ్వొక పక్క, నర్సమ్మొక పక్క, పక్క మంచమోళ్లు ఇంకో పక్క. అందరూ నా నోరే సూస్తాంటే గుటక యాడ దిగుతాది? రాత్రి ఎవురూ సూడ్లా. దిగింది."

నర్సమ్మ చేతిలోని ఫినాయిలు సీసా కింద పెట్టింది. పిల్ల మొహం కేసి చాలాసేపు చూసింది. తన గదిలోకి వెళ్లి ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చింది. గట్టి మూత, పక్కన పిడి ఉన్న రేకు డబ్బా. పుంగనూరు ఆమె చేతికిచ్చి, "నీ శెనక్కాయలూ బెల్లం ఇందులో పెట్టు. చీమ దూరదు. రోజూ రెండు పూటలా గుడ్డు, పాలు కూడా దీని పక్కనే పెడతాం. ఎవరూ చూడం. ఏమంటావు పాపా?" అంది.

పిల్ల ఆలోచించింది. "పాలల్లో బెల్లం వేస్తే," అంది.

అమ్మగారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకొన్నారు. "వేస్తారు, ఎందుకు వేయరు?" అన్నారు, ఆ వంటగది తనదే అయినట్టు.

పుంగనూరు ఆమెకు మాత్రం ఒక లెక్క తేలలేదు, బొంత కడుపు ఇంకా ఖాళీయే. బొంత దులిపి, చీమలు పోయేదాకా విదిలించి, కూతురి మీద కప్పింది. ఖాళీ అయిన మూలను చేతిలోకి తీసుకొని నర్సమ్మను చూసింది, డబ్బాను చూసింది. కొంగుముడిలో మిగిలిన శెనక్కాయలూ బెల్లం డబ్బాలో పోసి మూత పెట్టింది. కొప్పులో గుచ్చుకొన్న సూది తీసి, దానికి ఉన్న దారంతో ఆ మూలను డబ్బా పిడికి కలిపి కట్టేసింది. ఇప్పుడు బొంత కడుపు బయట ఉన్నా బొంతదే.

అమ్మగారు ప్రార్థన మొదలుపెట్టారు. పుంగనూరు ఆమె మంచానికి వీపు పెట్టి నేల మీద కూర్చొంది. కళ్లు మూసుకోలేదు. నర్సమ్మ కిటికీ వైపు, నేను పాటపుస్తకం వైపు చూస్తున్నాం. మా వెనక డబ్బా మూత మెల్లగా తెరుచుకొన్న చప్పుడైంది. ఆ తర్వాత శెనక్కాయ నమిలే చప్పుడు. తల్లి వెనక్కి తిరగకుండా, ఒడిలో చేతులు గట్టిగా పట్టుకొని, ఆ చప్పుడు వింటూ కూర్చొంది.