రీట్రై మీట, మా అక్క నిమ్మతోట

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఇంగ్లీషులో నన్ను మించిన మొనగాడు లేడు. అంతటి ఇంగ్లీషు ఒక నిమ్మతోట మీద పడితే ఏమవుతుందో వినండి.

సీతారామపురం దగ్గర మా అక్క తోట. ఒంటరి మనిషి, ఆమెకు తిండీ అదే, తోడూ అదే. మా మెట్టలో బోర్లు నాలాంటి ముసలాళ్ళే. కాసేపు పనిచేసి, ఊట చేరేదాకా పడుకుంటాయి. పోయినేడు ఎండల్లో అక్క మోటారు ఆగిపోయింది. ఫోనుతో నడిచే మోటారు అది. తెర మీద మూడు మీటలు: రిజ్యూమ్, రీస్టార్ట్, రీట్రై.

"ఏందిరా అవి?" అంది అక్క.

"మళ్ళీ ప్రయత్నించమని. మూడూ ఒకటేలే."

"ఒకటే అయితే మూడెందుకు పెట్టినారు?"

ఇంత చిన్న ప్రశ్న నా పాండిత్యానికి ఆనుతుందా, మీరే చెప్పండి! రీట్రై నొక్కాను. మోటారు మూలిగి ఆగింది. మళ్ళీ నొక్కాను.

"ఒరే, ఊట చేరనీరా!"

"నీకు తెలీదు, ఊరుకోక్కా. పట్టుదల ఉండాల."

నా పట్టుదలకు మోటారు చివరికి మూలగడం కూడా మానేసింది.

కాలిపోయిన మోటారును పైకి లాగి ఆత్మకూరులో వైండింగుకు ఇచ్చాం. అది తిరిగొచ్చేసరికి పిందెలు నల్లబడి రాలాయి, చాలా చెట్లు కట్టెలయ్యాయి. పచ్చి తగులుతుందేమోనని అక్క ఒక్కో కొమ్మా గోటితో గీరి చూసింది. ఆమె వెనకాలే నడిచాను. ఆమె గీరిన కొమ్మనే నేనూ మళ్ళీ గీరి చూశాను.

తేడా తర్వాత తెలిసింది. రిజ్యూమ్ అంటే కాసేపు ఆగి, ఆగినచోటి నుంచి సాగడం. రీస్టార్ట్ అంటే మొదటి నుంచి మొదలెట్టడం. రీట్రై అంటే ఏమీ మార్చకుండా అదే పని వెంటనే ఇంకోసారి చేయడం. అచ్చం నేనే.

ఆత్మకూరు దాకా అన్నాను గానీ, నిజానికి నా ఇంగ్లీషు మా వీధి మలుపు దాటదు. మిగిలిన చెట్ల సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఈ వేలితో ఇక ఏ మీటా నొక్కను, ఇంటి ముందు బెల్లుతో సహా. అయినా పోయినేటి ఎండలు మరీ దారుణం. తప్పులో సగం వాటిదే.

ఇంతవరకూ రాసి అక్కకు చదివి వినిపించాను.

"పక్కతోట మీదా అదే ఎండ కాసింది. అది పచ్చగానే ఉండాది" అంది అక్క. "నా చెట్లు ఎండకి చావలేదురా, నీ వేలికి చచ్చినాయి. అట్నే రాయి."