ఎవరూ కట్టని కట్ట

పోయినవాటిని ముందు చెప్పుకుంటాను. గోదావరిని అంటిపెట్టుకుని ఏడాది పొడుగునా పారే పాయలు రెండు ఇసుక కుప్పల కింద పోయాయి. వరద వచ్చినప్పుడు మాత్రమే నదితో కలిసే మడుగులు మూడింటిని చదును చేసి పత్తి పెట్టారు. వానలకు నిండి ఎండలకు నెర్రెలు విచ్చే తుంగ నేలలు మరో మూడు పోయాయి, వాటిలో ఒకదాని మీద ఇప్పుడు తారు రోడ్డు పరిచి ఉంది. భూమిలోంచి ఊట పుట్టి, మే నెలలో కూడా మోకాలి దాకా కాలు దిగబడే జాలు ఒకటి ఉండేది, చుట్టూ బోర్లు పడ్డాక అదీ ఎండిపోయింది. మొత్తం తొమ్మిది. ఒకప్పుడు మేము ఒడ్డు వెంట తిరిగి, రకరకాలుగా విడదీసి రాసిన చిత్తడి నేలలు ఇరవై మూడు.

ఈ లెక్క చెయ్యమని నన్నెవరూ అడగలేదు. మొన్న వానలు వెనకపట్టాక భూపాలపల్లిలో చుట్టాల ఇంట తొట్టెల వేడుకకు పోయి, భోజనాలయ్యాక అందరూ నడుం వాలుస్తుంటే నాకు మాత్రం నిద్ర రాక, కనబడిన బస్సెక్కి నది దిక్కు పోయి, చీకటి పడేలోగా చూడగలిగినన్ని చూశాను. మిగతావి మరునాడు చూశాను. అంకెలు చూస్తే ఊరుకోలేని మనిషిని నేను. నా వయసువాళ్ళకు ఈ బాధ తెలిసే ఉంటుంది. మనం పనిచేసిన చోటికి ఏళ్ళ తరవాత పోతే కళ్ళు ముందు చూసేది ఉన్నవాటిని కాదు, లేనివాటిని.

మాది జనగామ దగ్గర రఘునాథపల్లి. పదో తరగతి దగ్గరే చదువు ఆగింది గానీ లెక్క ఆగలేదు. ఊళ్ళో చెరువు పూడిక తీసే పనికి నేను మేటుగా ఉండేవాణ్ణి. ఎవరు ఎంత గుంత తవ్వారో టేపు పెట్టి, పొడవు వెడల్పు లోతు చూసి, కాగితం మీద పెట్టకముందే నోటితో చెప్పేవాణ్ణి. గుంత వంకరగా ఉన్నా, అడుగున ఏటవాలుగా ఉన్నా దాన్ని ముక్కలుగా తలలోనే కోసుకుని కలుపుకునే పద్ధతి ఒకటి నాకు నేనే కనిపెట్టుకున్నాను. తరవాత ఎక్కడో పాత పుస్తకంలో అదే పద్ధతి అచ్చయి ఉండటం చూసి సంతోషమూ వేసింది, కొంచెం దిగులూ వేసింది.

మా అక్కను మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు ఇచ్చారు. బావ అక్కడ పటాలు గీసే పని చేసేవాడు. నదీ మైదానాల్లో చిత్తడి నేలలను గుర్తించి, దేన్ని కాపాడాలో తేల్చే సర్వే ఒకటి మొదలైనప్పుడు, కొలతలకు మనిషి కావాలంటే బావ నన్ను పిలిపించాడు. మాకు పెద్ద ఒక మేడం. మహబూబాబాద్ దగ్గరి తండాలో పుట్టి, మొక్కల చదువు చదివిన మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నదే అయినా అందరమూ అక్కా అనే పిలిచేవాళ్ళం. తల్లితో ఫోనులో తండా మాట మాట్లాడుతూనే మధ్యలో మాకు తెలుగులో పని చెప్పేది, ఏ మాటా ఇంకో మాటలోకి పోయేది కాదు.

పని ఇలా ఉండేది. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి, ఎన్నాళ్ళు నిలుస్తాయి, అంచున జమ్ము ఉందా తుంగ ఉందా, అడుగున ఇసుకా జిగటమట్టా అని చూసి ఒక్కో నేలను అయిదు రకాల్లో ఒకదాని కింద వెయ్యాలి. పైన చెప్పిన నాలుగూ నది, వాన, భూమి తమంతట తాము చేసుకున్నవి. అయిదోది మనిషి కట్టిన కుంటలు. మొదటి నాలుగు రకాలూ కాపాడవలసిన పట్టికలోకి పోతాయి. అయిదోది పోదు. అప్పట్లో ఈ తేడా మాకు కాగితం మీద గీతలాగే కనిపించింది.

మడుగుల్లోకెల్లా పెద్దదాని దగ్గర మేము తప్పులో కాలేశాం. ఒకరు కాదు, ముగ్గురమూ ఒక్క మాట మీదే వేశాం. నదికీ మడుగుకీ నడుమ మనిషెత్తుకు పైన, చాలా దూరం పొడుగ్గా ఒక గట్టు ఉంది. దాని మీద ఈతచెట్లు వరసగా ఉన్నాయి. జనగామ దిక్కువాళ్ళం, మానుకోట దిక్కువాళ్ళం, పుట్టినప్పటినుంచీ చెరువు కట్టల మీద నడిచినవాళ్ళం. నీళ్ళ పక్కన ఎత్తైన మట్టి కనిపిస్తే దాన్ని ఎవరో తట్టలతో మోసి పోశారనే తప్ప ఇంకోలా అనుకోవడం మాకు తెలియదు. బావ అయితే బండి దిగకుండానే తేల్చేశాడు.

"ఏం బామ్మర్ది, కట్ట ఉన్నదంటె కుంటే గద. గింకేం సూత్తవ్, అయిదు గీకు."

దానికి సాక్ష్యం కూడా దొరికింది. ఆ మడుగు మీద బతికే చేపలు పట్టే కుటుంబాల్లో పెద్దదిక్కు ఒక అవ్వ. గట్టు మీద కూర్చుని తడిక అల్లుతూ, మేము అడగకముందే చెప్పింది.

"గీ కట్ట మా మామ కట్టిండు బిడ్డా. మా మామ, ఆయన అన్నదమ్ములు. మంచిగ రాసుకో, తప్పు రాసేవు."

మంచిగానే రాసుకున్నాం. అయిదో రకం, మనిషి కట్టిన కుంట.

పది పదిహేను రోజులకు తెలిసింది, ఆ మడుగును పూడ్చి ఇసుక నిలవ చేసుకునే జాగాగా వాడుకుంటామని ఎవరో అడిగారనీ, అది కుంటే కాబట్టి, కింద పారే పొలం కూడా లేదు కాబట్టి ఇవ్వడానికి అడ్డేమీ లేదని అనుకుంటున్నారనీ. మడుగు పోతే ఆ కుటుంబాలకు వేరే నీళ్ళు లేవు. వరదకు నదిలోంచి ఎక్కి వచ్చిన చేప అక్కడే పిల్లలు పెట్టి, మళ్ళీ వరదకు నదిలోకి దిగిపోతుంది. వరద తియ్యగానే గట్టుకు ఉన్న ఒక చిన్న గండికి వీళ్ళు తడిక కట్టి పెద్ద చేపలను ఆపుకుంటారు, చిన్నవి పోయేంత సందు వదులుతారు. వాళ్ళ ఏడాది తిండి ఆ తడిక వెనకాల ఉంది.

ఆ మాట విన్న దగ్గరనుంచీ నాకు ఒకటే ఆలోచన. గట్టు పొడవు, అడుగు వెడల్పు, తల వెడల్పు, ఎత్తు నా దగ్గర ఉన్నాయి. ఎంత మట్టో లెక్క తేలింది. మరి ఇంత మట్టి ఎక్కణ్ణుంచి తెచ్చారు? మేటుగా చేసినవాడికి కట్ట కనబడితే గుంత కూడా కనబడాలి. ఏ చెరువుకైనా లోపలి మట్టే తవ్వి కట్టకు పోస్తారు. కానీ ఈ మడుగు అడుగున కాలు వదలని నల్ల జిగటమట్టి ఉంది, గట్టు మట్టేమో గుప్పిట్లో పడితే పిండిలా జారే ఒండ్రు. అలుగు లేదు, తూము లేదు, రాతి కట్టడం లేదు. ఇది మేడం అక్కతో చెప్పాను. తనకూ ఒక అనుమానం ఉందట. గట్టు వాలు మడుగు వైపు సన్నగా, నది వైపు నిట్టనిలువుగా ఉందనీ, పొంగిన నది ఒడ్డు దాటగానే వేగం తగ్గి బరువైన మట్టిని అక్కడే దించేస్తే ఇలాగే గట్టు పడుతుందనీ చదివింది కానీ, చదివినదాన్ని ఈతచెట్ల కింద గుర్తుపట్టలేదట. ఊహిస్తే చాలదు, కోసి చూపించాలని లేచింది. పై వాళ్ళు ఆ మడుగు పని అయిపోయింది, వదిలెయ్యమన్నారు. వదల్లేదు. ఎవరి ఖర్చులు వాళ్ళు పెట్టుకుని, గడ్డపారలు బండిలో వేసుకుని మళ్ళీ వెళ్ళాం.

అక్కడ అవ్వ అడ్డం తిరిగింది.

"మా మామ కట్టకు గడ్డపార ఏస్తరా? మీ అయ్య కట్టిన గోడను నేనచ్చి తవ్వితె ఊకుంటవా?"

"ఊకోను అవ్వా," అంది అక్క. "గోడ నిలవడనీకే తవ్వుతున్ననంటె ఊకుంట."

అప్పుడు అక్క నేల మీద కూర్చుని, మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది. మనిషి కట్టినదైతే ఈ మడుగును కాపాడే దారి లేదు, నది కట్టినదైతే ఉంది. అవ్వకు అది మింగుడుపడే మాట కాదు. మామ కట్టాడన్న ఒక్క మాట మీదే ఆ నీళ్ళు తమవని ఆమె అందరితో వాదిస్తూ వచ్చింది. ఇప్పుడు మామ పేరు నిలబెడితే మడుగు పోయేట్టుంది, మడుగు నిలబడాలంటే మామ పేరు వదులుకోవాలి. చాలాసేపు తడిక పుల్లలు ఇటు అటు సర్దింది. చివరికి లేచి, ఎక్కడ తవ్వాలో తానే చూపించింది, గండి పక్కన, ఈతచెట్ల వేళ్ళకు దెబ్బ తగలని చోట.

రెండు రోజులు తవ్వాం. గట్టును అడ్డంగా, నిలువు గోడలా కోశాం. అక్క సీసాతో నీళ్ళు చల్లి పారతో గీకింది. అప్పుడు కనిపించాయి వరసలు. తెల్లటి సన్న ఇసుక, దాని మీద గోధుమరంగు ఒండ్రు, మళ్ళీ ఇసుక, మళ్ళీ ఒండ్రు. ఒక్కో వరద ఒక్కో జత. తట్టలతో పోసిన మట్టి కలగాపులగంగా పడుతుంది, ఇలా చాపలు పేర్చినట్టు పడదు. నేను వేలు పెట్టి లెక్కపెడుతూ అరవై దాటాక, కింద వరసలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తే ఆపేశాను. ఇందులో ఎవరి చెయ్యీ లేదు. బావ ముఖం మీది మట్టి తుడుచుకుంటూ, ఇంకెప్పుడూ బండిలోంచి రకం తేల్చనని ఒట్టు వేశాడు.

అవ్వ కోత దగ్గరికి వచ్చి వంగి చూసింది.  

"గట్లయితే గోదారే నాకు మామ అయితది," అంది. "ఇన్నొద్దులు మామ ముంగట నెత్తిమీద కొంగు లేకుంట తిరిగితిని." అంటూనే కొంగు నెత్తిమీదికి లాక్కుని నది వైపు చూసి నవ్వింది. మేమూ నవ్వాం గానీ, అందరికంటే ముందు అక్క కళ్ళు తుడుచుకుంది.

గండి వైపు కోతను కొంచెం పొడిగిస్తే నల్లబడిన వెదురు గూటాల మొదళ్ళు తగిలాయి, పాతవాటి పక్కన ఇంకా పాతవి. ఏటేటా తడిక కట్టడానికి పాతినవి. గట్టు నదిదే అయినా గండి మాత్రం అవ్వ మామలదే. అక్క ఆ మాట కూడా కలిపి రాసింది. మడుగు అయిదో రకంలోంచి రెండో రకంలోకి వచ్చింది. ఇసుకవాళ్ళ దరఖాస్తు పక్కకు పోయింది. మేము కష్టపడి తెచ్చుకున్న ఆ మార్పు ఇప్పటికీ నిలిచే ఉంది. పోయిన తొమ్మిదింటిలో ఆ మడుగు లేదు.

అయితే ఒక్క పని మిగిలిపోయింది. మేము కొలిచింది ఎండాకాలంలో. ఆ నాటి నీటి అంచునే మడుగు హద్దుగా వేసి, ఎకరానికి నలభై గుంటల లెక్కన విస్తీర్ణం రాశారు. పదకొండు ఎకరాల ఇరవై గుంటలు. వరద నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా పోతాయో అదంతా మడుగేనని, ఆ నేల మీదనే చేప గుడ్లు పెడుతుందని అక్క రాస్తే, వానాకాలం కొలిచి చేర్చుకుందామన్నారు. వానాకాలం రాకముందే సర్వే ముగిసింది. అక్కకు వేరే ఊరికి బదిలీ అయింది. నేనూ బావా మాత్రం ఊరుకోలేదు. పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ, నీళ్ళు తీశాక పోయి, చెట్ల మొదళ్ళకు చుట్టుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో చూసి, అది పట్టుకుని గూటాలు పాతుకుంటూ చుట్టూ తిరిగి కొలిచాం. మూడు వరదలకూ అంచు ఇంచుమించు ఒక్కచోటే వచ్చింది. కాగితాలు పంపాం. పరిశీలనలో ఉందన్నారు. మళ్ళీ పంపాం. బావకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక నేనొక్కణ్ణే పంపుతున్నాను. ఏటా జూన్ రాగానే అక్క ఫోను చేసి, మిగతా నేల పట్టికలో ఎక్కిందా అని అడుగుతుంది. ఎక్కలేదు, ఎక్కిస్తా అంటాను.

అవ్వ పోయి చాలా కాలమైంది. ఆమె కోడలు తడిక కడుతోంది. మొన్న పోయినప్పుడు చూశాను, ఆ ఎండాకాలపు గీత దాకా పత్తి చేన్లు వచ్చి ఆగాయి. కాగితం ప్రకారం వాళ్ళ తప్పేమీ లేదు.

ఇప్పుడు ఈ పనులు వేరేగా సాగుతున్నాయి. మోకాలి లోతు బురదలో దిగకుండా, ఆకాశంలోంచి తీసిన బొమ్మల మీదే రకాలు విడదీస్తున్నారు. మేము ఒక ఎండాకాలమంతా తిరిగినది వాళ్ళు ఒక పూటలో తేలుస్తారు. మంచిదే, నాకు ఈర్ష్య లేదు. ఆ బొమ్మలు నాకు చూపించిన కుర్రవాళ్ళ మర్యాదకు లోటు లేదు. కానీ వాళ్ళు చూపిన బొమ్మలన్నీ మబ్బు లేని రోజులవి. మబ్బు లేని రోజు మడుగు చిన్నగా ఉంటుంది. నిండిన రోజు పైనంతా మబ్బే, కిందికి ఏమీ కనబడదు. ఆ రోజు అక్కడ ఉండాలంటే గొడుగు పట్టుకుని మనిషే పోవాలి. పోయే మనుషులు తగ్గిపోయారు, అంతే నాకు తోచిన తేడా. నా కాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి.

నిండు నీటికి ఆ మడుగు నలభై రెండు ఎకరాలు. పట్టికలో ఎక్కింది పదకొండు ఎకరాల ఇరవై గుంటలు. ఇంకా ఎక్కవలసింది ముప్పై ఎకరాల ఇరవై గుంటలు.