ఆట మధ్యలో లేచినవాడు

బస్సు డ్రైవరుగా రిటైరైనప్పటి నుంచి సిరిల్ బాగ్‌షా చెస్టర్‌ఫీల్డ్ పార్కులో కౌంటీ క్రికెట్ మ్యాచ్ ఒక్కటీ వదల్లేదు. చెరువు వైపు బెంచీ ఆయనది, పక్క చోటు క్లెమ్‌ది. ఫ్లాస్కులో టీ సిరిల్ తెస్తాడు, పంది మాంసం కూరిన పై రొట్టె క్లెమ్ తెస్తాడు. ఇరవై వేసవులుగా ఇద్దరూ మాట్లాడుకున్నది ఆట గురించి, కాకపోతే వాన గురించి. ఇల్లెక్కడ, పిల్లలెందరు అని ఆరా తీయడం ఆ బెంచీల మీద మర్యాద కాదు.

ఓ మ్యాచ్ నాలుగో రోజు, అంటే ఆఖరి రోజు, క్లెమ్ రాలేదు. ముందు సాయంత్రం వెళ్తూ వెళ్తూ, "గుండెల్లో కాస్త పట్టేసినట్టుందయ్యా," అన్నాడు. "ఆ వెనిగర్‌లో ఊరేసిన ఉల్లిపాయలు తగ్గించు," అని సిరిల్ నవ్వేశాడు. ఇప్పుడది తలుచుకుని ఆయన ఫ్లాస్కు మూత కూడా తీయలేదు.

భోజన విరామంలో వెళ్లి గేటు దగ్గర టికెట్లు చూసే మేవిస్‌ని అడిగాడు.

"క్లెమ్ అంటే ఏ క్లెమ్? ఇంటిపేరు చెప్పు."

"ఎప్పుడూ అడగలేదు," అన్నాడు సిరిల్.

"ఇరవై ఏళ్లు పక్కన కూచుని ఇంటిపేరు తెలీదా? నీకంటే మా పిల్లి నయం. వీధిలో పిల్లులన్నిటి గుట్టూ దానికి తెలుసు," అంది మేవిస్.

టీ విరామం తర్వాత మన జట్టు తొమ్మిదో వికెట్ పడింది. ఆఖరి జంట ఆట ముగిసే వేళ దాకా నిలబడితే డ్రా, లేకపోతే ఓటమి. జంట కుదురుకుంటే చూసేవాడు చోటు కదలకూడదు. ఆ బెంచీల మీద అందరిదీ అదే మతం, క్లెమ్ దానికి పూజారి. ఓసారి తుమ్మినందుకు సిరిల్‌తో పూటంతా మాట్లాడలేదు.

జంట కుదురుకుంది. అందరూ బిగుసుకుపోయారు. క్లెమ్ రోజూ ఇంటికెళ్లే బస్సు పార్కు ముందుకి వచ్చే వేళైంది. ఎవరు ఏ స్టాపులో దిగుతారో డ్రైవరుకి తెలుస్తుంది, అడిగితే చెప్తాడు. ఆ సంగతి సిరిల్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. బస్సు పోయిందంటే, మనిషి ఉన్నాడో పోయాడో కూడా తెలియకుండా ఈ రాత్రి గడపాలి.

సిరిల్ లేచాడు.

"కూచో మహానుభావా! కొంప ముంచకు!" వెనక నుంచి ఎవరో పళ్లు నూరారు.

ఆ మరుసటి బంతికే వికెట్ ఎగిరిపడింది. బౌలర్‌ని వదిలేసి అందరూ సిరిల్‌నే చూశారు. ఆయన తల వంచుకుని గేటు దాకా నడిచాడు.

గేటు పక్క బెంచీ మీద, ఒళ్లో సంచీతో, క్లెమ్.

"పొద్దున్నించీ ఆసుపత్రిలో కూచోబెట్టారు. ఏం లేదన్నారు. ఇక్కడికొచ్చేసరికి ఆఖరి జంట దిగుతోంది, ఇక్కడే కూలబడ్డా. కదలకూడదుగా మరి! తీరా చూస్తే మన వైపు ఎవడో లేచాడు. అంత దూరం నాకానలేదు గానీ, ఎవడయ్యా ఆ దరిద్రుడు?"

"నేనే."

"నువ్వా! ఎందుకు లేచావ్?"

"నిన్ను వెతకడానికి. పొద్దున్నించీ నా ప్రాణం నా దగ్గర లేదు. నీ ఇంటిపేరైనా తెలిస్తే కదా!"

క్లెమ్ సంచీలోంచి పై రొట్టె తీసి రెండు ముక్కలు చేసి, పెద్దది సిరిల్‌కిచ్చాడు.

"గోస్లింగ్. చర్చి వెనక సందులో ఆకుపచ్చ తలుపు. ఈసారి నేను రాకపోతే వచ్చి తలుపు కొట్టు," అన్నాడు. "జంట ఆడుతుంటే మాత్రం ఓవరు అయ్యేదాకా కాదు, వికెట్ పడేదాకా ఆగు."