మోహనన్న నమిలిన చెరకు గడ

చెరకుకు పేరున్న బోధన్‌లో మేం ఏటా చిన్న చిన్న చెక్కబండ్లు చేసి, వాలు బల్ల మీంచి వదిలి పందెం పెట్టుకుంటాం. పోయినేడాది విజిల్‌కు ముందు, నాతో పోటీకొచ్చిన మోహనన్న నా చెరకు ట్రాలీ లోడులోంచి ఒక గడ లాగి, నములుతున్నట్టు నటించాడు.

"నీ గడల రసం లేదు తమ్మీ!"

అందరూ నవ్వారు. ఆ లాగుడుకు లోడు ఒరిగి, ట్రాలీ సగం దారిలోనే బోల్తా పడింది.

ఈసారి టేకు చెక్కతో మళ్లీ అదే ట్రాలీ చేశాను. వెదురు పుల్లలతో గడలు చేసి, ఒక్కోదానికి కణుపులు గీశాను. అన్నిటినీ జిగురుతో అతికించి, ఒక్క గడను మాత్రం వదులుగా బయటికి ఉంచాను. దానికి పచ్చిమిరపకాయల రసం మూడుసార్లు పట్టించి ఆరబెట్టాను.

ఈ రోజు మోహనన్న తన చెక్క లారీని పందెం గీత దగ్గర పెట్టి, నేరుగా నా ట్రాలీ దగ్గరికే వచ్చాడు. బోధన్ మనిషి కదా, చెరకు ట్రాలీ కనిపిస్తే చెయ్యి ఆగదు. గడ లాగి నోట్లో పెట్టుకుని కొరికాడు.

"అవ్వో! గిదేం గడరా, నోరు మండుతున్నది!"

"రసం లేదంటివి గద అన్నా, గీసారి నేనే పట్టిచ్చిన."

ఎవరి బండి వాళ్లే వదలాలన్నది మా నియమం. ఆయన నల్లా దగ్గర పుక్కిలిస్తుండగానే విజిల్ పడింది. లారీ గీత దగ్గరే ఉండిపోయింది.

నాకు మూడో స్థానం వచ్చింది. కప్పు ఎవరికి పోతే నాకేంటి? మోహనన్న పంటి గాట్లున్న గడ ఇప్పుడు మా టీవీ పక్కన ఉంది. నేను చేసింది తప్పనిపిస్తే కామెంట్లో చెప్పండి. మిరప రసం ఇంకా మిగిలే ఉంది.