తోడల్లుడి చైనా విందు

లిఫ్టు మెకానిక్‌కి ఒకటే జబ్బు. ఏ పని చెప్పినా "ఇదెంత పని!" అని చిటికె వేస్తాడు. ఇల్లు మారడం, పన్ను పీకించుకోవడం, కవలపిల్లల్ని పెంచడం, అన్నీ అతనికి చిటికెలో పనులే. ఒకసారి తను బాగుచేస్తున్న లిఫ్టులోనే ఇరుక్కుపోయి, లోపల్నుంచి కూడా చిటికె వేశాడు. బయటివాళ్ళకి చిటికె వినిపించింది గానీ లిఫ్టు కదల్లేదు.

ఆ చిటికె వింటే చాలు, అతని తోడల్లుడికి ఒళ్ళు మండిపోయేది. ఈయన గడియారాలు బాగుచేస్తాడు. ఏ పనైనా భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చేసే మనిషి. పెద్దల్లుడు తనే అయినా మెప్పంతా చిన్నల్లుడికే. పైగా కిందటి వేసవిలో స్నేహితుల్ని పిలిచి ఫ్రైడ్ రైస్ వండితే అది జావయింది. అప్పట్నుంచి అందరూ ఆయన్ని "జావగారూ" అనే పిలుస్తున్నారు. ఆయన నలుగురిలోకి వెళ్ళడమే మానేశాడు.

ఈ వేసవిలో అదే స్నేహితుల్ని మెకానిక్ తన డాబా మీదికి పిలిచాడు. చైనా పద్ధతిలో బొగ్గుల మీద చికెన్ కాలుస్తాడట.

"నేను రాను," అన్నాడు గడియారాలాయన భార్యతో. "అందరూ వాణ్ణి ఆహా ఓహో అంటుంటే చూడలేను."

"మాడిపోతే చూడొచ్చుగా?" అంది ఆవిడ.

ఆ ఆశే ఆయన్ని లేపి చొక్కా తొడిగించింది.

డాబా ఎక్కేసరికి కడుపు భగ్గుమంది. ఎర్ర కాగితం లాంతర్లు తీగ మీద ఊగుతున్నాయి. సోయా సాస్, తేనె, అల్లం, వెల్లుల్లి పట్టించిన ముక్కలు నిగనిగలాడుతున్నాయి. ముక్కలు గుచ్చే పుల్లలు కాలిపోకుండా నీళ్ళలో నానుతున్నాయి. చల్లటి నూడుల్స్ మీద నువ్వులూ ఉల్లికాడలూ. ఎక్కడా వంకపెట్టడానికి లేదు. పాపిష్టివాడు!

"రండన్నయ్యా! చిన్న చిక్కొచ్చింది," అంటూ మెకానిక్ కుడి మణికట్టుకున్న కట్టు చూపించాడు. "బెణికింది. పుల్లలు మీరే తిప్పాలి."

"నేనా? నవ్వి చస్తారు!"

"నిమిషంన్నరకోసారి తిప్పి తేనె పూయాలి, అంతే. టైం చూసి తిప్పే మనిషుంటే ఇదెంత పని!" అని ఎడంచేత్తో చిటికె వేశాడు.

"జావగారా వండేది? అయితే చెంచాలు తెప్పించండి!" అని స్నేహితుల్లోని పళ్ళ డాక్టరు అరిచాడు. డాబా అంతా గొల్లుమంది.

గడియారాలాయన పళ్ళు నూరుకుని, చేతిగడియారం విప్పి కుంపటి పక్కన పెట్టాడు. నిమిషంన్నర. తిప్పాడు. మళ్ళీ నిమిషంన్నర. పుల్ల పుల్లకీ ఒకే రంగు, ఒకే మెరుపు. మొదటి వాయి వెళ్ళాక ఎవరూ మాట్లాడలేదు. ఆయన భయంభయంగా తలెత్తాడు. తీరా చూస్తే అందరి నోళ్ళూ నిండుగా ఉన్నాయి.

"అయ్యా, ఇంకో రెండు పుల్లలు ఇటు దయచేయించండి," అన్నాడు పళ్ళ డాక్టరు, వేళ్ళు నాక్కుంటూ.

అందరూ తిన్నాక ఆయన చేతులు కడుక్కోవడానికి కిందికి దిగాడు. వంటింట్లో మరదలు పళ్ళేలు తోముతోంది.

"బాగా కుదిరిందా బావగారూ? ఆ నిమిషంన్నర లెక్క తేల్చడానికి మీ తమ్ముడు వారం రోజులు రోజుకో కోడిని బొగ్గు చేశారు. కష్టమని చెబితే మీరు చెయ్యి పెట్టరని ఆయన భయం. అసలు మీరొస్తారో రారో అని పొద్దుట్నుంచీ గుమ్మం వదల్లేదు."

"మరి చెయ్యి బెణికిందన్నాడే?"

"బెణికిందా? ఇందాక ఆ చేత్తోనేగా నీళ్ళ క్యాన్లు మేడ మీదికి మోశారు!"

ఆయన కళ్ళు చెమ్మగిల్లబోయాయి. అంతలోనే కొత్త మంట రాజుకుంది.

"చూశావా," అన్నాడు దారిలో భార్యతో. "ఆఖరికి మంచితనంలో కూడా వాడే నాకన్నా ముందుండాలా?"

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"వచ్చే ఆదివారం వాళ్ళిద్దర్నీ మనింటికి పిలు. వాడు వేలు కదపడానికి వీల్లేదు. చెయ్యి బెణికిందిగా, నేనే కలిపి తినిపిస్తాను!"